నీలవేణి బానెట్టు మీద తోరం

అనగనగా ఒక ఊళ్ళో, మరీ అంత దూరం ఊరేం కాదులే చిన్నీ, గోదారి కాలవ చివరాఖరున తూముపాలెం అని ఉండేది, ఆ ఊళ్ళో ఒక నీలం ట్రాక్టరు ఉండేది.

ఎలాంటి నీలం అనుకున్నావు? వాన వెలిశాక మబ్బుల సందులోంచి ఒక ముక్క ఆకాశం కనపడుతుంది చూడు, అలాంటి నీలం. దాని పేరు నీలవేణి. ట్రాక్టరుకి పేరేంటమ్మమ్మా అంటావేమో. ఆ పేరు పెట్టింది అబ్బులు. ఆ బండి అతనిదే, తోలేదీ అతనే.

అబ్బులుకి నీలవేణి అంటే ప్రాణం. పొద్దున్నే లేచి కాలవలోంచి బక్కెట్ల కొద్దీ నీళ్ళు మోసుకొచ్చి, తలంటు పోసినట్టు నెత్తి మీద నుంచి పోసి కడిగేవాడు. ఆ తర్వాత పాత పంచె పెట్టి తుడిచేవాడు. ఆ తర్వాత దీపాలు రెండిటికీ కాటుక దిద్దేవాడు. అద్దానికి ఎర్ర కుచ్చులు కూడా కట్టాడు. ఇదంతా చూసి పక్కింటివాళ్ళు, కట్టుకున్నదాన్ని ఏనాడైనా ఇంత మురిపెంగా చూసుకున్నాడా వీడు అని నవ్వేవాళ్ళు.

ఆ కట్టుకున్నదాని పేరు భూలక్ష్మి. మన కథ ఆవిడదే.

భూలక్ష్మికి ఏది చూసినా ఇదెందుకు అని అడగాలనిపించేది. పిల్లికి మీసాలెందుకు, పాలు పొంగినట్టు నీళ్ళు పొంగవెందుకు, తూనీగలు వాన ముందే ఎందుకొస్తాయి, ఇలాగ. వాళ్ళత్తగారు సూరమ్మ, అమ్మాయి వట్టి నోటితో రాలేదు, సంచీడు ఎందుకులు మోసుకొచ్చింది అనేది. అలా అంటూనే తెలిసిన వాటికి జవాబు చెప్పేది.

ఒక్కదానికి మాత్రం చెప్పేది కాదు. అది నీలవేణి బానెట్టు మీద తోరం.

బానెట్టంటే తెలుసుగా, ట్రాక్టరు ముందు భాగంలో ఇంజను మీద కప్పే నీలం రేకు. నీలవేణి ఇంటికొచ్చిన రోజున సూరమ్మ పసుపు తాడు పేనింది. తొమ్మిది ముళ్ళు వేసింది. వేసి, ఆ బానెట్టు గడియకీ ముందున్న జాలీకీ కలిపి బిగించి కట్టేసింది. ఈ తోరం ఎవరూ విప్పకూడదు, విప్పితే ఇంటికి మంచిది కాదు అని అబ్బులు చేత ఒట్టు వేయించుకుంది.

అప్పట్నుంచి ఎవరూ విప్పలేదు. వానాకాలం సార్వా పంట ఒకటి గడిచింది, ఎండాకాలం దాళ్వా ఒకటి గడిచింది, మళ్ళీ ఒక సార్వా, మళ్ళీ ఒక దాళ్వా. డీజిలు పోసే మూత బయటే ఉంది కాబట్టి డీజిలు పోసేవాడు. కడిగేవాడు. బొట్టు పెట్టేవాడు. అంతే.

లోపల ఏముంటుందండీ అని భూలక్ష్మి ఒకసారి అడిగింది. ఇంజనుంటుంది అన్నాడు అబ్బులు. ఎలా ఉంటుందండీ అంది. ఇంజనులాగే ఉంటుంది అన్నాడు. పాపం, అతనికీ గుర్తులేదు.

సరే, మళ్ళీ సార్వా వచ్చింది. తూముపాలెం కాలవకి చివర కదా, పై ఊళ్ళన్నీ తాగాక వీళ్ళకి నీళ్ళొచ్చేవి. అది కూడా వంతు ప్రకారం. అయిదు రోజులు నీళ్ళు, ఆ తర్వాత పది రోజులు కట్టు.

భూలక్ష్మి ఆ ఏడు నారుమడి తన చేత్తో పోసింది. విత్తనాలు నానబెట్టింది, గోనెలో మొలక కట్టింది, మడిలో చల్లింది. పిచ్చికల్ని తోలింది. నారు పచ్చగా, పట్టుకుచ్చులాగా లేచింది. చిటికెనవేలితో తాకి చూసుకుని మురిసిపోయేది. ఇప్పుడా నారుకి ఇరవయ్యేడు రోజులు. ఈ వంతులోనే అయిదెకరాలూ దమ్ము చేసి, అంటే నీళ్ళల్లో బురదగా దున్ని, నారు ఊడ్చెయ్యాలి. ఊడ్వకపోతే, మళ్ళీ నీళ్ళొచ్చేసరికి నారు ముదిరి కణుపులు కట్టేస్తుంది. ముదురు నారు నాటితే పిలకలెయ్యదు. ఏడాది గింజలు పోయినట్టే. ఊళ్ళో మిగతా ట్రాక్టర్లన్నీ ఎవరి చేలో వాళ్ళకే తీరికలేకుండా ఉన్నాయి.

అందుకని భూలక్ష్మి కళ్ళన్నీ నీలవేణి మీదే.

మొదటి రోజు పొద్దున్న కాలవ నీళ్ళు బోదెలోంచి గలగలా వచ్చి చేలో పరుచుకున్నాయి. అప్పుడు అబ్బులు ఇనప చక్రాలు తొడిగి నీలవేణిని చేలోకి దించాడు. కాసేపు బాగానే లాగింది. ఆ తర్వాత పొగ గొట్టంలోంచి నల్లగా, తారు కాచినట్టు పొగొచ్చింది. బురదలో నాలుగడుగులు వేసేసరికి ఆయాసం. సాయంత్రానికి ఒక్క ఎకరం అయింది.

ఎవరి కళ్ళో పడ్డాయి అని సూరమ్మ ఎండు మిరపకాయలు దిగదుడిచింది. నిరుడు పొగ పల్చగా ఉండేది కదా, ఈ ఏడు నల్లగా ఎందుకొస్తోందండీ అని భూలక్ష్మి అడిగింది. అబ్బులు వెళ్ళి పొగ గొట్టానికి పట్టిన మసి తుడిచాడు.

రెండో రోజు నీలవేణికి ఒళ్ళు కాలిపోయింది. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది, బానెట్టు సందుల్లోంచి ఆవిరొచ్చింది. అప్పుడు అబ్బులు దిగి కండువాతో విసిరాడు. ఆ తర్వాత బక్కెట్టుతో నీళ్ళు పోశాడు. చల్లారాక మళ్ళీ తోలాడు, అరగంటకి మళ్ళీ కాలిపోయింది. ఆ రోజూ అతికష్టం మీద ఒక్క ఎకరమే.

సూరమ్మ గుమ్మడికాయ కొట్టింది. పైన నీళ్ళు పోస్తే లోపల జ్వరం ఎలా తగ్గుద్దండీ అని భూలక్ష్మి అడిగింది. అబ్బులు, నన్ను తినకే తల్లీ అన్నాడు.

మూడో రోజు నీలవేణి చేను మధ్యలో ఆగిపోయింది. తాళం తిప్పితే లేచేది, కాస్త దగ్గేది, పడుకునేది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. సూరమ్మ నిమ్మకాయలు కట్టింది. లేవలేదు. అబ్బులు గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. నిన్న విసుగొచ్చి దాన్నొక మాట అన్నాను, అలిగినట్టుంది అన్నాడు. నిజంగానే అన్నాడు చిన్నీ, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

భూలక్ష్మి చేను వైపు చూసింది. రెండెకరాలు దమ్ము అయింది, మూడెకరాలు మిగిలింది. నారుమడి వైపు చూసింది. గాలికి ఊగుతోంది, ఏమీ తెలియనట్టు. ఇంక రెండే రోజులు.

అప్పుడు ఆవిడ కొంగు బిగించి, గట్టు మీద పడి నడిచింది. నడిచి నడిచి కాలవ లాకు దగ్గరికెళ్ళింది. అక్కడ రేకుల షెడ్డులో మీరా సాయిబు అని ఒక పెద్ద మెకానిక్కు ఉండేవాడు. గెడ్డం తెల్లగా, చేతులు నల్లగా. ఆయన దగ్గర కూర్చుని మూడు రోజుల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పింది.

మీరా సాయిబు అంతా విన్నాడు. విని మూడు ప్రశ్నలడిగాడు. పొగ ఏ రంగు అన్నాడు. నలుపు అంది. ఆగిపోయే ముందు గట్టిగా అరిచి ఆగుతోందా, నీరసపడి ఆగుతోందా అన్నాడు. నీరసపడి అంది. ఇంజనాయిలు మార్చి ఎన్నాళ్ళయింది అన్నాడు.

ఆయిలు మారుస్తారా అని భూలక్ష్మి తిరిగి అడిగింది.

మీరా సాయిబుకి నవ్వు రాలేదు. తోరం సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే మరి. "నేనొస్తానమ్మా, సామాను కూడా తెస్తాను. కానీ సూరమ్మ వదినగారు కట్టిన ముడి మీద నేను చెయ్యి వెయ్యను. అది మీ ఇంటి నమ్మకం. మీ ఇంట్లోవాళ్ళే విప్పాలి" అన్నాడు.

భూలక్ష్మి దారంతా ఆలోచించుకుంటూ ఇంటికొచ్చింది. తనే గబుక్కున కొడవలితో తెంపెయ్యొచ్చు. ఆ ఊహ కూడా వచ్చింది. కానీ అంత గట్టిగా తొమ్మిది ముళ్ళు వేసిన మనిషి ఊరికే వేసి ఉండదు కదా, ఎందుకు వేసింది? ఆవిడకి తెలుసుకోవాలనిపించింది.

సూరమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో మెరికలు ఏరుతోంది. భూలక్ష్మి పక్కన కూర్చుని తనూ ఏరింది. కాసేపయ్యాక మెల్లగా అడిగింది.

"అత్తయ్యగారండీ, వరలక్ష్మీ వ్రతం తోరం చేతికి కట్టుకుంటాం కదా. ఎన్నాళ్ళుంచుకుంటాం?"

"తొమ్మిది రోజులు. మీ ఇంట్లో ఎన్నాళ్ళేంటి?" అంది సూరమ్మ.

"మాకూ అంతేనండి. ఆ తర్వాత విప్పి పూలమొక్క మొదట్లో పెడతాం. మళ్ళీ ఏడు కొత్తది కట్టుకుంటాం. మరి బండికి కట్టింది రెండేళ్ళయినా విప్పరేంటి?"

సూరమ్మ చేట కింద పెట్టింది. అప్పుడు గోడ మీద మావగారి ఫోటో వైపు చూపించింది. పోయి ఆరేళ్ళయింది ఆయన.

"లోకంలో ఉన్నవన్నీ అడిగావు. ఆ ఫోటోలో ఆయన కుడిచెయ్యి కండువా కింద ఎందుకు దాచుకున్నాడో ఎప్పుడన్నా అడిగావా?"

అడగలేదు. భూలక్ష్మి ఏరడం ఆపి ఫోటో వైపు చూసింది.

అప్పుడు సూరమ్మ చెప్పింది. వాళ్ళకి ముందొక పాత ఎర్ర ట్రాక్టరు ఉండేదిట. ఆయన బానెట్టు ఎత్తి, ఇంజను ఆడుతుండగానే లోపల చెయ్యి పెట్టాట్ట. ఫ్యాను బెల్టు పట్టుకుని లాగేసిందిట. రెండు వేళ్ళు పోయాయిట. నూతి దగ్గర సూరమ్మే చెయ్యి కడిగిందిట. ఆ నీళ్ళు ఎర్రగా పారడం ఇప్పటికీ కళ్ళకి కడుతుందిట. అందుకని కొడుకు బండి రాగానే, వాడి చెయ్యి ఆ రేకు కిందకి వెళ్ళకూడదని కట్టేసింది. భక్తి కాదు చిన్నీ అది. భయం. భయమని చెబితే కొడుకు నవ్వుతాడని దేవుడి పేరు పెట్టింది.

భూలక్ష్మి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఇంజను ఆగి ఉంటే బెల్టు తిరగదు కదండీ. తాళం లేకపోతే ఇంజను లేవదు కదండీ. తాళం మీ దగ్గర ఉంచుకోండి. మీరిచ్చేదాకా ఎవరూ అడగరు" అంది.

సూరమ్మ ఆ మాటని బియ్యం ఏరినట్టే అటూ ఇటూ చూసింది. మెరిక దొరకలేదు.

నాలుగో రోజు పొద్దున్నే మీరా సాయిబు సైకిలు మీద సామాను సంచీతో వచ్చాడు. అప్పటికే అబ్బులు ఎడ్లని కట్టి నీలవేణిని చేలోంచి ఇంటి ముందుకి లాగించి ఉంచాడు. ముందు, పాత ఆయిలు వెచ్చబడితేనే సులువుగా దిగుతుంది అని నీలవేణిని బయట నుంచే ఓ రెండు నిమిషాలు ఆడించాడు. దగ్గుతూనే ఆడింది. ఆ తర్వాత ఆపేశాడు. అబ్బులు తాళం తీసి అమ్మ చేతిలో పెట్టాడు. సూరమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

ఆ తర్వాత ఒంటి చేత్తోనే ముళ్ళు విప్పడం మొదలెట్టింది. తెంపలేదు. ఒకటి, రెండు, మూడు, అలా తొమ్మిదీ విప్పింది. చివరి ముడి దగ్గర భూలక్ష్మి తాడు కొస పట్టుకుంది.

బానెట్టు కిర్రుమని లేచింది. అందరూ తలలు వంచి చూశారు.

ఏం చెప్పనమ్మా. పైన చూస్తే ఆకాశం ముక్క, లోపల చూస్తే బూజు పట్టిన అటక. నూర్పిళ్ళ దుమ్మంతా అక్కడే కాపరం ఉంది. రేడియేటరు ముందు గడ్డీ పొట్టూ కలిసి బొంతలాగా పరుచుకున్నాయి.

మీరా సాయిబు ముందుగా ఒక గుండ్రటి డబ్బా విప్పి, లోపల్నుంచి కాగితం మడతల గొట్టం తీశాడు. ఎయిర్ ఫిల్టరట. బండి ఊపిరి పీల్చే గాలి దీంట్లోంచి వడకట్టుకుని వెళ్ళాలిట. నేల మీద తడితే దోసెడు దుమ్ము రాలింది. గాలి లేక డీజిలు సరిగ్గా మండలేదు, అందుకే ఆ నల్ల పొగ. అబ్బులు పాపం, ఇలా ఇవ్వండి బాబాయ్, కాలవలో శుభ్రంగా కడిగి తెస్తానన్నాడు. ఇది కాగితం రా నాయనా, తడిస్తే పోతుంది, నీ ప్రేమ కాస్త అదుపులో పెట్టుకో అన్నాడు మీరా సాయిబు.

ఆ తర్వాత రేడియేటరు మూత తీశాడు. వేడి మీద ఎప్పుడూ తియ్యకూడదని చెప్పి, ఒళ్ళు చల్లారిందో లేదో చేత్తో చూసి మరీ తీశాడు. లోపల నీళ్ళు అడుగంటి ఉన్నాయి. భూలక్ష్మి బొంతలాంటి ఆ గడ్డిని వేళ్ళతో ఏరేసింది. మీరా సాయిబు తెచ్చిన, ఇంజను చల్లబరిచే ఆకుపచ్చ మందు నీళ్ళు కలిపి నింపారు.

ఆ తర్వాత డీజిలు ఫిల్టరు. దాని కింద చిన్న గాజు గిన్నె ఉంది. ఆ గిన్నెలో అడుగున నీళ్ళు, పైన డీజిలు, మధ్యలో దారం పెట్టి గీసినట్టు ఒక గీత. భూలక్ష్మి ఆ గీత వైపు రెప్ప వెయ్యకుండా చూసింది. రెండూ పక్కపక్కనే ఉండి కూడా కలవలేదేంటా అని. నీళ్ళెక్కడివి అని అడిగింది. మీరా సాయిబు అబ్బులు వైపు చూశాడు. రోజూ నెత్తి మీద నుంచి పోసే తలంటు, డీజిలు మూత సందులోంచి దిగిందన్నమాట. అబ్బులు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

చివరికి ఇంజనాయిలు చూసే పుల్ల లాగాడు. ఆ పుల్ల కొసన గీతలుంటాయి, ఆయిలు వాటి మధ్యన ఉండాలి. కింది గీత దాకా కూడా లేదు. ఉన్న కాస్తా కాటుకలాగా ఉంది. మీరా సాయిబు దాన్ని రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, గొంతు తగ్గించాడు. "ఇంకొక్క రోజు తోలి ఉంటే ఇంజను బిగిసిపోయేదమ్మా. అప్పుడు నేనేం చెయ్యలేను, ఇంకెవరూ ఏం చెయ్యలేరు" అన్నాడు.

అబ్బులు అక్కడే చతికిలపడ్డాడు. రెండేళ్ళు పైన కాటుక దిద్దాడు, లోపల కాటుకైపోతోందని తెలియలేదు.

అప్పుడు కింద బోల్టు విప్పి పాత ఆయిలంతా దించేశారు. పాత ఫిల్టర్లన్నీ తీసి కొత్తవి బిగించారు. తేనె రంగు కొత్త ఆయిలు పోశారు. డీజిలు గొట్టంలో గాలి చేరిందని, భూలక్ష్మిని చిన్న పంపు బొటనవేలితో నొక్కమన్నాడు మీరా సాయిబు. నొక్కుతుంటే బుడగలు వచ్చాయి, వచ్చాయి, చిన్నవయ్యాయి, ఆగిపోయాయి. భూలక్ష్మికి ఇంకాసేపు నొక్కాలనిపించింది గానీ నొక్కలేదు.

ఇవన్నీ మళ్ళీ ఎప్పుడు మార్చాలి అని అడిగింది. మీరా సాయిబు స్టీరింగు ముందున్న చిన్న అంకెల గడి చూపించాడు. బండి ఆడినంతసేపే అది తిరుగుతుందిట, ఎన్ని గంటలు కష్టపడిందో చెబుతుందిట. ఎన్ని గంటలకి ఏది మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుందిట. ఆ పుస్తకం ఏదీ అంటే, దేవుడి గూట్లో పసుపు బొట్టు పెట్టి ఉందండీ అన్నాడు అబ్బులు.

బానెట్టు దించారు. అందరూ చేతులు చూపించారు, పది పది వేళ్ళూ. అప్పుడు సూరమ్మ కొంగుముడి విప్పి తాళం ఇచ్చింది.

నీలవేణి ఒక్క తిప్పుకే లేచింది. మొదట కొంచెం పొగొచ్చింది. ఆ తర్వాత పల్చబడింది. ఆ తర్వాత, ఉందా లేదా అన్నట్టు అయిపోయింది. చప్పుడు కూడా మారిపోయింది, బరువు దించుకున్న మనిషి మాటలాగా. అబ్బులు చేలోకి దించాడు. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేలోపు ఎకరన్నర, అయిదో రోజు మధ్యాహ్నానికి మిగతా ఎకరన్నర. బురద వెన్నపూసలాగా మెత్తగా అయింది. కొంగలు వెనకాలే తిరిగాయి.

ఆడవాళ్ళంతా వరసగా దిగి నారు కట్టలు విప్పారు. భూలక్ష్మి తన మడిలో నారు తన చేత్తో మొదటి మూడు కుదుళ్ళూ నాటింది. కాలవ కట్టేసే వేళకి అయిదెకరాలూ పచ్చటి గీతలు. నెల తిరక్కుండా పిలకలేశాయి. సంక్రాంతి రాకముందే గింజలు ఇంటికొచ్చాయి.

అబ్బులు ఇప్పటికీ నీలవేణిని కడుగుతాడు. కానీ మూత మీద గుడ్డ కప్పి, పక్కల నుంచి కడుగుతాడు. పుస్తకం దేవుడి గూట్లోంచి దిగి బండి సీటు కిందకొచ్చింది.

ఆ తర్వాత ఒక పొద్దున్న భూలక్ష్మి అంకెల గడి చూసి, ఆయిలు మార్చే గంటలు దగ్గరపడ్డాయి అని చెప్పింది. ఎవరూ పిలవకుండానే సూరమ్మ బయటికొచ్చింది. చెయ్యి చాపి తాళం తీసుకుంది. కొంగున ముడేసుకుంది. బానెట్టు లేచాక, ఎప్పుడూ ఉండే చోట, దూరంగా అరుగు దగ్గర నిలబడింది.

నిలబడి కాసేపు చూసింది. అప్పుడు మెల్లగా దగ్గరికొచ్చింది. ఎర్ర బండిలో వాళ్ళాయన చెయ్యి పెట్టింది ఇలాంటి చోటే. ఆగిపోయిన ఫ్యాను పక్కన ఒక నిమిషం ఊరికే నిలబడింది.

"ఏదమ్మాయ్, ఆ పుల్లేదో. ఈసారి నేను చూస్తాను" అంది.

భూలక్ష్మి పక్కకి జరిగి చోటిచ్చింది. సూరమ్మ పుల్ల లాగి, పాత గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ లాగి, ఎండకేసి ఎత్తి పట్టుకుని చూసింది. చూసి, ఇదెందుకే ఇలా నల్లబడుద్ది, నీళ్ళు నల్లబడవు కదా అని అడిగింది.

భూలక్ష్మి నవ్వి, అత్తగారి పక్కనే కూర్చుని చెప్పడం మొదలెట్టింది. ఆ కబుర్లు అయ్యేసరికి అన్నం వేళ దాటిపోయిందిట.

కాలవ నీళ్ళు చేలోకి,
పచ్చని నారు బురదలోకి,
తేనె రంగు ఆయిలేమో నీలవేణి ఒంట్లోకి,
నడిచి నడిచి కథేమో కంచి ఊరి దారిలోకి,
చిన్నీ, నువ్వూ నేనూ ఇంక దుప్పట్లోకి.